నాకంటే నలుపు

ముప్పై ఏళ్లు దాటింది. ఈ మధ్యలో పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పిల్లలకి పిల్లలు పుట్టారు, మా ఆయన పోయారు. ఆయనకి కూడా చెప్పలేదు. చెబుదామని నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. వచ్చిన మాటని మింగేసి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేదాన్ని.

మా చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చేస్తాం. అందరి గొంతులతో పాటు నా గొంతూ కలిపేదాన్ని. అంత మందిలో ఎవరి పాపం ఏదో ఎవరికి తెలుస్తుంది? అలా ఇన్నేళ్లు దాక్కున్నాను. దేవుడికి తెలుసు కదా, అంటారు. తెలుసు. ఆయన ఆ రోజు చూశాడు. ఆయనకి నేను కొత్తగా చెప్పేదేముంది? చూడనివాళ్లకి చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం.

మాది దర్శికీ వినుకొండకీ మధ్య ఒక ఊరు. పేరు చెప్పను. ఎనభైల్లో సంగతి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మా పేటలో బాలవాడి టీచర్ని.

నేను నలుపు. చామనఛాయ కాదు, నలుపు. సంబంధాలు చూసేవాళ్లు చామనఛాయ అని చెప్పి తీసుకొచ్చేవారు. వచ్చినవాళ్లు నా మొహం చూసి, తర్వాత ఆ మధ్యవర్తి మొహం చూసేవారు. కాఫీ తాగి, కబురు చేస్తామని లేచేవారు. చిన్నప్పటినుంచీ అమ్మ నా ఒంటికి పెరుగూ, శనగపిండీ, పసుపూ రుద్దేది. రుద్ది రుద్ది విసుగొచ్చి ఒకరోజు, "దీన్ని రుద్దే బదులు పెనం రుద్దుకుంటే తెల్లబడును" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఊళ్లో నన్ను కర్రి టీచరమ్మ అనేవాళ్లు. ఎగతాళిగా కూడా కాదు. ఎర్రావు, తెల్లావు అన్నట్టు, గుర్తు కోసం.

నాకొక్కతే స్నేహితురాలు. మార్త. మిషను బోర్డింగులో ఇద్దరం ఒకే చాప మీద పడుకుని చదువుకున్నాం. అక్కడ ఒకసారి మేట్రనమ్మ దాచుకున్న బెల్లం పిల్లలందరం తినేస్తే, నిలబడి "నేనూ తిన్నానండీ" అని చెప్పింది నేనొక్కదాన్నే. దెబ్బలు తిన్నదీ నేనొక్కదాన్నే. అప్పటినుంచీ మార్త అందరికీ చెప్పేది, "అది చచ్చినా అబద్ధం ఆడదు" అని.

మార్తది దబ్బపండు ఛాయ. ఆ రంగుకి ఎక్కడెక్కడినుంచో సంబంధాలొచ్చాయి. అవన్నీ కాదని మా పేటలోనే యేసోబుని చేసుకుంది. తాడిచెట్టంత మనిషి, నల్లటి మనిషి, కూలి పనే ఆధారం. బంగారు బొమ్మ పక్కన బొగ్గు పెట్టారని ఊళ్లో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మార్త మాత్రం అతను కూలి నుంచి వస్తుంటే దూరంనుంచి చూసి, "ఎంత బాగుంటాడే నా మొగుడు" అనేది నాతో. ఆ మాటలో పైకి చూపించుకోవడం ఉండేది కాదు. ఆమె కళ్లకి అతను నిజంగా అంత బాగుండేవాడు. నన్ను కూడా బాగుంటావనేది. కానీ ఆడపిల్ల, అందులోనూ స్నేహితురాలు, చెబితే లెక్కా? నేను లెక్కలో వేసుకోలేదు. ఇంకెవరో చెప్పాలని చూశాను. ఎవరో ఒక మగవాడు, పక్కకి తిరక్కుండా, నా మొహంలోకి చూసి చెప్పాలని. ఆ ఆశ ఎంత పెద్దదో అప్పుడు నాకే తెలియదు.

మా ఊళ్లో అప్పుడు రెండు పార్టీలు. పాతదానికి ప్రెసిడెంటుగారు పెద్ద. కొత్తగా వచ్చినదానికి కోటయ్యగారు. మా పేట ఓట్లు ఎప్పుడూ ప్రెసిడెంటుగారివే. చర్చికి స్థలమిచ్చింది వాళ్ల నాన్న. నాకు బాలవాడి ఉద్యోగం ఇప్పించింది ఆయన. మా నాన్న సంఘపెద్ద. "ఉప్పు తిన్నాం" అనేవాడు, అంతకు మించి ఆలోచించేవాడు కాదు. యేసోబు మాత్రం ఎలక్షన్ల ముందు చర్చి బయట నలుగుర్నీ కూర్చోబెట్టి, "ఓటు మనది గదా, ఎవరికెయ్యాలో ఈసారి మనమే కూర్చుని అనుకుందాం" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట సాయంత్రానికి ప్రెసిడెంటుగారి అరుగు మీదికి చేరింది. అంతకు ముందే మిరప కోతల్లో కూలి పెంచమని కోటయ్యగారితో గొడవపడి ఉన్నాడు. అలా అటు పార్టీకీ ఇటు పార్టీకీ కాని మనిషయ్యాడు. పల్లెటూళ్లో అలాంటివాడికి ఏం జరిగినా అడిగే దిక్కుండదు.

మిరపకాయలు కళ్లాల్లో ఎండే రోజులు. మధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్లిన వేళ, పిల్లల్ని ఇళ్లకి పంపి డొంకదారిన వస్తున్నాను. కోటయ్యగారి కళ్లం పక్కన పాక వెనకనుంచి మోహన్ బయటికొచ్చాడు. ప్రెసిడెంటుగారి మేనల్లుడు, గుంటూరులో డిగ్రీ చదివి వచ్చి పార్టీ పనులు చూస్తుండేవాడు. చేతిలో కిరసనాయిలు డబ్బా. నన్ను చూసి ఆగాడు. నేనూ ఆగాను. డబ్బా కంచెలోకి విసిరేసి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

నేను ఇల్లు చేరేలోపే పొగ లేచింది.

మిరప కళ్లం తగలబడితే ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. ఇంట్లో పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే తలుపులు తీసుకుంటాం. ఒక ఏడాది పంటంతా మాడితే ఊరికి ఊరే దగ్గింది. ఆర్పడానికి వెళ్లినవాళ్లు తడి తువ్వాళ్లు మొహానికి కట్టుకున్నా దగ్గర నిలబడలేకపోయారు. గొడ్లు పలుపులు తెంచుకున్నాయి. ఆడవాళ్లు పసిపిల్లల్ని ఎత్తుకుని వాగు వైపు పరిగెత్తారు. కోటయ్యగారు కళ్లం గట్టు మీద కూలబడిపోయారు. ఏడుస్తున్నారో దగ్గుతున్నారో తెలియలేదు. అందరి కళ్లల్లోనూ నీళ్లే.

మర్నాడు మోహన్ బాలవాడికొచ్చాడు. పిల్లలు వెళ్లిపోయారు. వాళ్ల వీధి మనిషి మా పేటలోకి రావడమే వింత. వచ్చి, పిల్లల చాప మీద కూర్చున్నాడు.

"మీరు చూశారు కదా" అన్నాడు.

మీరు. వాళ్ల వీధిలో పసిపిల్లవాడు కూడా మా నాన్నని నువ్వు అనేవాడు. అతను నన్ను మీరు అన్నాడు.

అతను వేడుకోలేదు, బెదిరించలేదు. నా మొహంలోకే చూస్తూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత, "నలుపు నలుపు అంటారు గానీ, వీళ్లకి చూడ్డం రాదండీ. మీ అంత కళగల మొహం ఈ ఊళ్లో ఇంకోటి లేదు" అన్నాడు. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఎస్సైగారు పిలిపిస్తారు. యేసోబు పేరు చెప్పండి. మావయ్య పరువు మీ చేతుల్లో ఉంది" అన్నాడు.

చూడండి, రెండు మాటలూ ఒకే నోట, ఒకే పూట అన్నాడు. ఏది దేనికోసం అన్నాడో తెలుసుకోవడానికి చదువక్కర్లేదు. నాకు తెలుసు. అప్పుడే తెలుసు. అయినా ఆ సాయంత్రం అమ్మ బొట్టుపెట్టెలో పగిలిన అద్దం తీసి చాలాసేపు చూసుకున్నాను.

ఎస్సైగారు పిలిపించారు. ఆయన క్వార్టర్సు ముందర కట్టేసి ఉన్న పాడిగేదె ప్రెసిడెంటుగారి కొట్టంలోదని అందరికీ తెలుసు. స్టేషను జీపులో పోసే పెట్రోలు ఎవరిదో కూడా తెలుసు. కోటయ్యగారు రోజూ వచ్చి ఆ స్టేషను మెట్ల మీదే కూర్చుని న్యాయం కోసం చూస్తున్నారు. నాన్న నాతో వచ్చి, గొడుగు పట్టుకుని బయటే నిలబడ్డాడు. ఏం చూశావమ్మా అని నన్ను అడగలేదు. అడిగితే చెబుతానేమోనని భయపడ్డాడనుకుంటాను.

"ఎవర్ని చూశావ్?" అన్నాడు ఎస్సై.

"యేసోబునండీ."

"ఎలా గుర్తుపట్టావ్?"

"పొడుగ్గా, నల్లగా..." అన్నాను.

"నీకంటే నలుపా?"

కానిస్టేబుళ్లు గొల్లుమన్నారు. ఎస్సై మాత్రం నవ్వలేదు, కలం పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"అవునండీ. నాకంటే నలుపు" అన్నాను.

ఇక్కడ ఆగాలి నేను. ఇది దాటడం కష్టం. యేసోబు నాకంటే నలుపు కాదు. పక్కపక్కన నిలబెడితే నేనే నలుపు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కిరసనాయిలు సంగతి పెద్ద అబద్ధం, ఇది చిన్నది. కానీ ఆ చిన్నది చెప్పినప్పుడు నాలో ఏదో చల్లబడింది. కొంచెం సుఖంగా అనిపించింది. ఈ ఊళ్లో నాకంటే నల్లటి మనిషి ఒకడున్నాడని సర్కారు వాళ్లు రాసుకుంటున్నారు కదా అని. ఇంత నీచంగా ఉంటుందా మనిషి మనసు? నాది ఉంది.

ప్రెసిడెంటుగారికి భయపడి చెప్పానని అనుకుంటే నాకు బాగుంటుంది. మీకూ జాలి కలుగుతుంది. ఉద్యోగం పోతుందని, నాన్న మాట పోతుందని, అవన్నీ నిజాలే. కానీ వాటికోసం చెప్పలేదు. చాప మీద కూర్చుని ఒకడు నా మొహంలోకి చూశాడు. అందుకు చెప్పాను.

యేసోబుని అదే రోజు పట్టుకెళ్లారు. అరికాళ్లు వాచిపోయేలా కొట్టారని, అయినా ఒప్పుకోలేదని విన్నాను. తర్వాత కొద్ది రోజులకి మార్త మా ఇంటికొచ్చింది. నేను పెరట్లో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాను. చంకలో బిడ్డతో వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అలవాటుగా తనూ రెండు కాయలు తీసుకుని తొడిమలు తుంచింది.

"స్టేషన్లో చూసొచ్చానే" అంది. "బిడ్డ తల మీద చెయ్యేసి ఒట్టేశాడు, నేను కాదని."

నేను తలెత్తలేదు.

"నువ్వు చూశావంటగా."

"చూశాను."

"నీ కళ్లతోటే?"

"నా కళ్లతోటే."

ఆమె చేతిలో కాయ కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాను. తిడుతుందని, నా జుట్టు పట్టుకుంటుందని అనుకున్నాను. అలా చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. తిడితే ఏడ్చి చెప్పేసేదాన్నేమో.

"అయితే ఆయనే" అంది మార్త. "నువ్వు అబద్ధం ఆడవు. తగలబెడితే తగలబెట్టాడు, కడుపు మండి చేశాడనుకుంటా. కానీ బిడ్డ తల మీద ఒట్టేసి నా ఎదురుగా అబద్ధం ఆడాడే. అది నేను ఓర్చుకోలేను."

బిడ్డని ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను మిగిలిన కాయలకి తొడిమలు తీశాను. చేతులు మండాయి. ఆ చేతులతోనే మొహం తుడుచుకున్నాను.

ఆమె నన్ను నమ్మింది. నేను లెక్కలేసుకోనిది అదొక్కటే. పోలీసులు నమ్ముతారని తెలుసు, కోర్టు నమ్ముతుందని చెప్పారు. మార్త మొగుడి మాట పట్టుకుని నాతో జన్మలో మాట్లాడదనుకున్నాను, దానికి సిద్ధపడ్డాను. మొగుడిని వదిలి నన్ను పట్టుకుంటుందని అనుకోలేదు.

కోర్టులోనూ అదే చెప్పాను. శిక్ష పడింది. మార్త అతన్ని చూడ్డానికి జైలుకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్లమని అత్త కాళ్లు పట్టుకుంది, చర్చి అయ్యగారు నచ్చజెప్పారు. వినలేదు. సాయంత్రాలు నా దగ్గరికొచ్చి కూర్చునేది. ఆమె బిడ్డ నా ఒళ్లో ఆడుకునేది. ఆ రోజుల్లో మార్త నాకు ఎంత దగ్గరైందో అంత దగ్గర మళ్లీ జీవితంలో ఎవరూ కాలేదు. దొంగిలించిన అన్నం కూడా కడుపు నింపుతుంది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా నిజం, ఆ సాయంత్రాలు నాకిప్పటికీ కావాలనిపిస్తుంది.

మోహన్ సంగతి అడుగుతారు. ఏమీ లేదు. కోర్టు కేసు నడిచినన్నాళ్లూ బాలవాడి ముందు స్కూటరు నెమ్మది చేసేవాడు. ఆ చప్పుడు దూరంనుంచే గుర్తుపట్టేదాన్ని. చీర కుచ్చెళ్లు సర్దుకునేదాన్ని. తీర్పు వచ్చాక స్కూటరు ఇంకో దారిన పోయింది. ఆ వేసవిలో గుంటూరు వైపునుంచి పిల్లని తెచ్చి పెళ్లి చేశారు. పచ్చటి పిల్ల. మా పేటవాళ్లందరికీ పందిరి బయట భోజనాలు పెట్టారు. నేనూ కూర్చుని తిన్నాను. మారువడ్డన అడుగుతూ అతను మా వరసలోకి వచ్చాడు, నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి అవతలి వరసకి కేకేశాడు. అతనన్న మాటలో ఒక్కపాలైనా నిజం ఉందా? ఇన్నేళ్లకీ, ఇంత జరిగాకా, ఉండి ఉంటే బాగుండుననిపిస్తుంది. నన్ను నేను ఎక్కువ అసహ్యించుకునేది ఇందుకే.

యేసోబు జైలునుంచి వచ్చాడు. సగం మనిషయ్యాడు. మార్త తలుపు తీయలేదు. "చేసింది ఒప్పుకో. సంఘం ముందు నిలబడి, బిడ్డ మీద అబద్ధపు ఒట్టేశానని చెప్పు. అప్పుడు ఇంట్లోకి రా" అంది. అతను చేయలేదని అన్నాడు. ఆమె తలుపు వేసుకుంది. చర్చి వసారాలో పడుకునేవాడు. తల్లి తెచ్చిన అన్నం తినేవాడు. పగలు తన బిడ్డ వీధిలో ఆడుకుంటుంటే దూరంగా కూర్చుని చూసేవాడు. కోతలొచ్చాయి, పోయాయి. నేను రోజూ ఆ వసారా ముందునుంచే బాలవాడికి వెళ్లేదాన్ని. ఒక్క మాట చాలు నేను చెప్పడానికి. పొద్దున వెళ్లేటప్పుడు సాయంత్రం చెబుదామనుకునేదాన్ని. సాయంత్రం మార్త నాకోసం వచ్చి కూర్చునేది. చెబితే ఆమె ఇక రాదు.

ఒక ఆదివారం, వాక్యం అయ్యాక, ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని అయ్యగారు అడిగారు. మగవాళ్ల వైపునుంచి యేసోబు లేచాడు.

"కోటయ్యగారి కళ్లం తగలబెట్టింది నేనే" అన్నాడు. "నా బిడ్డ తల మీద అబద్ధపు ఒట్టేశాను. దేవుడూ, నా భార్యా, సంఘమూ నన్ను క్షమించాలి."

గొంతు వణకలేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. మార్త నా పక్కనే కూర్చుని ఉంది. వెక్కి వెక్కి ఏడ్చింది. బిడ్డని ఎత్తుకుని ఆడవాళ్ల వైపునుంచి లేచి, అందరూ చూస్తుండగా అటు వెళ్లి అతని చేతుల్లో పెట్టింది. అందరూ స్తోత్రం అన్నారు. మా నాన్న లేచి నిలబడి స్తోత్రం అన్నాడు. నేనూ అన్నాను. నా నోరే అంది. అతను బిడ్డ భుజం మీదనుంచి నా వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు. చాలా దూరం నడిచొచ్చి అలిసిపోయిన మనిషిలా చూశాడు. భార్య పక్కన పడుకోవడానికి, చెయ్యని పాపాన్ని భుజానికెత్తుకున్నాడు. అబద్ధం ఆడినదాన్ని నేను అదే కప్పు కింద కూర్చుని ఉన్నాను. అప్పుడైనా లేవాలి కదా? కాళ్లు లేవలేదు అనడం అబద్ధం. లేచేవే. నేను లేవలేదు.

తర్వాత వాళ్లు గుంటూరు వైపు పత్తి మిల్లు పనికి వెళ్లిపోయారు. నా పెళ్లికి మార్త వచ్చింది. ఎవరో నా మొహానికి పూసిన పౌడరంతా తన పైట కొంగుతో తుడిచేసి, "ఈ బూడిద ఎందుకే నీకు, ఇట్టా ఉంటేనే కదా నువ్వు నువ్వులా ఉండేది" అంది. మా ఆయన నన్ను ఎప్పుడూ రంగు గురించి ఒక్క మాట అనలేదు. మంచివాడు. కానీ నాకు ఎవరిదైనా వేలి స్పర్శ గుర్తుందంటే, ఆ పైట కొంగులోంచి తగిలిన మార్త వేళ్లే.

మార్త పోయింది. పోయిన ఏడాది, వానల్లో. కబురందాక బస్సెక్కి వెళ్లాను. పెట్టె పక్కన ముసలి యేసోబు కూర్చుని ఉన్నాడు. చిన్ననాటి స్నేహితురాలివి, రెండు మాటలు చెప్పమని అక్కడివాళ్లు అడిగారు. చెప్పాను. బోర్డింగు గురించి, ఆమె పాటల గురించి. చెప్పవలసింది చెప్పలేదు. తిరిగొస్తుంటే యేసోబు బస్సుదాకా నాతో నడిచొచ్చాడు.

"ఆమె చివరిదాకా నిన్ను నమ్మిందమ్మా" అన్నాడు. "ఆ ఆదివారం తర్వాత నేనిక ఏమీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెబితే నన్ను నమ్మేదేమో. కానీ అప్పుడామెకి నువ్వు లేకుండా పోతావు. నన్నేమో జైల్లో వదిలేసినందుకు తనని తాను తినేసుకునేది. అంత ఎందుకని."

బస్సొచ్చింది. క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేవాడు. ఆ మనిషి క్షమించేస్తాడు. అది ఇంకొకసారి అతని దగ్గర తీసుకోవడమే అవుతుంది. ఎక్కి కూర్చున్నాను. అతను కిటికీ కింద నిలబడి, బస్సు కదిలేదాకా ఉన్నాడు.

అతనింకా ఉన్నాడు. మార్త లేదు. చెప్పవలసిన మనిషి వెళ్లిపోయాక మీకు చెబుతున్నాను. ఇందులో గొప్పేమీ లేదని నాకు తెలుసు. నన్ను మంచిదాన్నని అనకండి, చెప్పింది చాలు అని కూడా అనకండి.

కోటయ్యగారి కళ్లం యేసోబు తగలబెట్టలేదు. నేను చూశాను. చూసి, అబద్ధం చెప్పాను.

ఇది రాశాక ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఆకలేస్తోంది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఇప్పుడే గుర్తొచ్చింది. లేచి బియ్యం కడగాలి.